బాదంచెట్టు నడుం కొలత

ఇంటి ముందుగది, కుట్టుమిషను పక్కన
ఫిబ్రవరి, మొదటి సోమవారం

లెక్కలమ్మాయీ,

పిన్ని రాస్తున్నాను. నిన్న నువ్వు ఫోను చేస్తే "ఊఁ, ఊఁ" అని పెట్టేశాను కదా, కోపమనుకోకు. నీ గొంతు వినపడగానే నీ వెనకాల మా పిల్ల గొంతు కూడా వస్తుందేమోనని చెవి రిక్కిస్తాను. ఇంక నువ్వు చెప్పేది ఏం వింటాను! ఐదో క్లాసుతో ఆగిపోయిన చదువు నాది, అక్షరాలు వంకర. అయినా కాగితం మీదైతే ఏడ్చినా ఎవరికీ వినపడదు. ఇక మీదట నువ్వూ ఉత్తరమే రాయి.

నువ్వడిగిన అంకెలు దాని నోటుబుక్కులోంచి ఎత్తి రాసి పంపిస్తున్నాను. పుస్తకం మాత్రం ఇవ్వను, ఏమన్నా అనుకో. పొద్దున ఆరింటి కొలత ఒక వరస, మధ్యాహ్నం రెండింటి కొలత ఒక వరస. రెండేళ్లవి ముప్పై రెండు కాగితాలయ్యాయి. చొక్కాల కొలతలు రాసుకునే అలవాటే కాబట్టి తప్పులుండవు.

అది పోయి పది నెలలు. దానికి ఫోనులో కొలత చెప్పే పని లేకపోయినా నేను చెట్టు దగ్గరికి వెళ్లడం మానలేదు. నిన్న పొద్దున నాలుగొందల యాభై ఒకటి.

చెట్టు లావు చూపించే ఆ డయలు బిగించడానికి మీరిద్దరూ వచ్చిన రోజు గుర్తుందా? బాదంచెట్టుకి స్క్రూలు దింపుతుంటే నేను కత్తెర పట్టుకునే పెరట్లోకి పరిగెత్తుకొచ్చాను. "అమ్మా, నువ్వు మనుషులకి నడుం కొలుస్తావు, నేను చెట్టుకి కొలుస్తున్నాను, తేడా ఏముంది?" అంది. "నా దగ్గరికొచ్చినవాళ్లకి నేను మేకులు కొట్టను" అన్నాను. నువ్వు నవ్వీ నవ్వీ చేతిలో స్క్రూ జారవిడిచావు. ముగ్గురం గడ్డిలో గంటసేపు వెతికాం. దొరికింది దానికే. ఎప్పుడూ దానికే దొరుకుతాయి.

వేళకి తిను. నువ్వు తినవని అది చెప్పేది.

మీ పిన్ని

*

ఆఫీసు, మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
ఫిబ్రవరి 20

పిన్నీ,

కాగితాలు అందాయి. మీ ఏడు అంకె చూసి నవ్వొచ్చింది. మీ అమ్మాయి కూడా ఏడుకి అలాగే నడుం మధ్యలో బెల్టు పెట్టేది. దాని బల్ల ఇంకా ఖాళీగానే ఉంచాను. కొత్తగా వచ్చినాయన అక్కడ టిఫిన్ డబ్బా పెట్టబోతే, నాకే తెలియకుండా కేకేశాను. పాపం, డబ్బా ఒళ్లో పెట్టుకుని తిన్నాడు.

మీరు ఏ పనికి సాయం చేస్తున్నారో మీకు తెలియాలి. పగలు ఎండకి ఆకులు నీళ్లు లాగేస్తాయి. వేళ్లు అంత తొందరగా అందించలేవు. ఆలోపు బెరడు తన దగ్గరున్న తడి ఇచ్చి సర్దుతుంది. అందుకే మధ్యాహ్నానికి చెట్టు చిక్కుతుంది. రాత్రంతా మళ్లీ నింపుకుని తెల్లారేసరికి ఒళ్లు చేస్తుంది. మిల్లీమీటరుని వంద ముక్కలు చేస్తే ఒక ముక్క మన డయలు మీద ఒక గీత. పది పదిహేను గీతల సంగతే ఇదంతా. ఈ నీళ్ల రాకపోకల్ని మేం కంప్యూటర్లో లెక్కగా కట్టాం. ఎండ ఎంత, నేలలో తడి ఎంత అని చెబితే, ఆ పూట చెట్టు ఎంత లావుంటుందో లెక్కే చెప్పాలి. ఇందులో బెరడు సర్దుతుందనే ముక్క పూర్తిగా మీ అమ్మాయిది. ఇక్కడ అందరూ దాన్ని "కొలతమ్మ లెక్క" అనే అంటారు.

జూన్‌లో ఇది పుస్తకంగా వెయ్యాలి. మొదటి పేరు దానిదే. మొత్తం పద్నాలుగు చెట్లలో రెండేళ్లపాటు ఒక్క రోజు కూడా తప్పనిది మీ చెట్టొక్కటే.

ఒక చిన్న సందేహం పిన్నీ. పోయిన మార్చి 19, 20, 21 తేదీల్లో చెట్టు ఒక్కసారిగా ఇరవై ఆరు గీతలు ఉబ్బింది. ఆ నెలలో మీ వైపు చుక్క వాన లేదు. తర్వాత ఏప్రిల్ 13 పొద్దున నాలుగొందల ముప్పై ఆరు ఉన్నది, 14న మూడొందల తొంభై ఎనిమిది. రాత్రికి రాత్రి ముప్పై ఎనిమిది గీతలు! ఎవరైనా చెట్టుకి నీళ్లు పోశారా?

ఆ తేదీల గురించి మిమ్మల్ని అడగాల్సి వచ్చినందుకు నన్ను తిట్టుకోకండి.

మీ లెక్కలమ్మాయి

*

ఇల్లు
మార్చి 2

అమ్మాయీ,

అవును, నీళ్లు పోశారు. ఎండకి పాపమని.

బడి యూనిఫారాలు మీద పడ్డాయి, తీరిక లేదు. ఉంటాను.

పిన్ని

*

ఆఫీసు
మార్చి 9

పిన్నీ పిన్నీ,

మీ ఒక్క ముక్కకి నేను బల్ల మీద గుద్దితే టీ ఒలికింది! నీళ్లు పోస్తే పోశారు, తప్పేం లేదు. ఎంత పోశారో తెలిస్తే చాలు, లెక్కలో పెట్టేస్తాను. ఎన్ని బిందెలు? చెట్టు మొదట్లో పోశారా, దూరంగానా? ఏ వేళప్పుడు? ఆ రోజుల్లో మీరు ఆసుపత్రిలో ఉన్నారు కదా, మరి పోసిందెవరు?

మీ పిల్ల బతికుంటే "నా చెట్టుకి నీళ్లు పోస్తారా" అని అందర్నీ తరిమేది. ఆ తిట్లు తినాలనిపిస్తోంది.

మీ లెక్కలమ్మాయి

*

ముందుగది
మార్చి 17

లెక్కలమ్మాయీ,

ఎనిమిది బిందెలు. పక్కింటి రైల్వే ఆయన పోశాడు. మొదట్లోనే.

ఇంక నీళ్ల సంగతి వదిలేద్దూ. దాని సంగతి ఏదైనా మాట్లాడుకుందాం. దానికి ఆరేళ్లప్పుడు నా టేపు మెళ్లో వేసుకుని వీధంతా తిరిగేది. కనపడ్డ వాళ్లందరి చెయ్యీ కాలూ కొలిచేది. ఒకరోజు పోస్టుమాను కదలకుండా నిలబడి నడుం కొలిపించుకున్నాడు. "నాకు చొక్కా కుడతావా తల్లీ" అని అడిగాడు. ఇది టేపు చూసి, ఆయన పొట్ట చూసి, "గుడ్డ చాలదండీ" అంది. ఆయన మూడు నెలలు మా గుమ్మంలోకొచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కునేవాడు.

పెద్దయ్యాక చెట్టు చూపించి నన్ను ఏడిపించేది. "చూశావా, ఇది కూడా నీలాగే. పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నానికి వాడిపోతుంది, అయినా ఎవరడిగినా ఉన్నదంతా ఇచ్చేస్తుంది" అనేది. "నేను వాడిపోయేది నీ గోల పడలేక" అనేదాన్ని. ఇప్పుడు ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే మిషను ఆపితే నాకే భయమేస్తోంది. అందుకని పని లేకపోయినా ఉత్త గుడ్డ మీద కుట్టుకుంటూ పోతున్నాను.

పిన్ని

*

ఆఫీసు
ఏప్రిల్ 3

పిన్నీ,

పోస్టుమాను కథ చదివి ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే టిఫిన్ డబ్బాయన భయపడ్డాడు.

నీళ్ల సంగతి వదలమన్నారు, వదల్లేకపోతున్నాను. ఎనిమిది బిందెలు పోసి చూశాను, లెక్కలో చెట్టు ఐదు గీతలు కూడా ఉబ్బలేదు. ఇరవై పోశాను. చివరికి విసుగొచ్చి లారీడు నీళ్లు పోశాను. అప్పుడు ఉబ్బింది గాని మీ పెరడూ మిషనూ రైల్వే ఆయనా అందరూ కొట్టుకుపోయి ఉండాలి.

ఇంకోటి కూడా ఉంది. మీరు ఆసుపత్రిలో ఉన్న ఆ నలభై ఒక్క రోజుల్లో, మధ్యాహ్నం అంకె ఉన్న ప్రతి రోజూ చెట్టు సరిగ్గా పదిహేను గీతలు చిక్కింది. ఒకరోజు పద్నాలుగు లేదు, ఒకరోజు పదహారు లేదు. ఏ చెట్టూ అలా చెయ్యదు.

తప్పు లెక్కలోనే ఉండాలి. మూడు వారాలుగా దాన్ని కుట్టు కుట్టూ విప్పుతున్నాను. నిన్న పెద్దసారు చూసి, బెరడు సర్దుబాటు ముక్క ఈ చెట్టు దగ్గర నిలబడటం లేదు, ఇంకో నెల చూసి తీసేద్దాం అన్నారు. అది తీసేస్తే కొలతమ్మ లెక్కే ఉండదు. పేరుంటుంది, దాని పని ఉండదు. నేను పోట్లాడాను. కానీ చేతిలో ఏమీ లేకుండా ఎంతసేపని పోట్లాడతాను?

మీకు ఇంకేమైనా గుర్తొస్తే రాయండి. ఏదైనా సరే.

మీ లెక్కలమ్మాయి

*

ముందుగది
ఏప్రిల్ 8

తల్లీ,

లెక్క విప్పకు. దాని జోలికి వెళ్లకు. తప్పు లెక్కది కాదు, నాది.

ఆ నలభై ఒక్క రోజుల అంకెలూ ఉత్తుత్తివి. నా నోట్లోంచి పుట్టినవి. ఎవరూ నీళ్లు పొయ్యలేదు. ఎవరూ డయలు చూడలేదు.

ఆసుపత్రిలో చేర్చిన రోజు, మంచం మీద పడుకోబెట్టగానే అది అడిగిన మొదటి మాట, "అమ్మా, చెట్టుని ఎవరు చూస్తారు?" అని. రైల్వే ఆయన చూసి ఫోను చేస్తాడని చెప్పాను. ఆయన్ని అడిగే వచ్చాను, సరేనన్నాడు కూడా. తీరా ఆ సాయంత్రమే ఆయన చెల్లెలికి బాగోలేదని కబురొస్తే ఇల్లు తాళం పెట్టి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున ఆరింటికే ఇది కళ్లు తెరిచి, నోటుబుక్కు పొట్ట మీద పెట్టుకుని, "ఎంతట?" అంది. చేతికి సూదులున్నాయి, పెన్సిలు పట్టుకోవడానికే రెండు నిమిషాలు పట్టింది. ఆ మొహం చూసి లేదని ఎలా చెప్పను? "నాలుగొందల పదకొండట" అన్నాను.

ఆ రోజు నుంచి పొద్దునొకసారి, మధ్యాహ్నమొకసారి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని వరండాలోకి వెళ్లడం, మంచినీళ్ల డ్రమ్ము పక్కన నిలబడి "ఆఁ, ఎంతా? మళ్లీ చెప్పండి" అని గట్టిగా అనడం. అవతల ఎవరూ లేరు. ఒకరోజు అలా మాట్లాడుతుండగానే ఫోను చెవిలో మోగింది! బట్టలిచ్చిన ఆవిడ, గౌను అయిందా అని. తలుపు అద్దంలోంచి చూస్తే ఇది భుజాలు కదిలేలా దగ్గుతోంది.

అంకెలు ఎలా నడుస్తాయో నాకు తెలుసు కదా, రెండేళ్లు చూశాను. పొద్దున ఇంత, మధ్యాహ్నం అందులోంచి పదిహేను తీసేదాన్ని. పదిహేనైతే తలలో తీసివెయ్యడం నాకు సులువు.

వాన సంగతి చెబుతాను. మార్చి 18న దానికి అస్సలు బాగోలేదు. రక్తం ఎక్కించారు, పలకలేదు. మర్నాడు పొద్దున కొలత చెప్పబోతూ నోటికొచ్చేసింది, "ఊళ్లో రాత్రి వాన పడిందటే, చెట్టు బాగా ఉబ్బిందట" అని. తల్లీ, అది నవ్వింది. కళ్లు మూసుకునే నవ్వింది. అందుకని ఇంకో రెండు రోజులు కురిపించాను. ఇంకా కురిపిద్దును గాని అతి అయితే పట్టేస్తుందని ఆపాను.

నాకిది కొత్త కాదులే. చిన్నప్పుడు ప్రతి ఆదివారం గోడకి ఆనుకుని నిలబడి "పెరిగానా?" అని అడిగేది. పెరగని వారాల్లో కూడా టేపు కాస్త వదులు చేసి అర అంగుళం పెరిగావని చెప్పేదాన్ని. పదిహేనేళ్లొచ్చేసరికి నేను చెప్పిన కొలతల ప్రకారం అది ఇంటి కప్పు తాకాలి.

ఏప్రిల్ 13 పొద్దున చివరిసారి రాసింది. నాలుగొందల ముప్పై ఆరు. ఆరు సరిగా తిరగలేదు. మధ్యాహ్నం అంకె అడగలేదు. రెండు దాటాక పోయింది. మర్నాడు ఇల్లంతా జనం, నేను పెరట్లోకి వెళ్లి డయలు చూశాను. మూడొందల తొంభై ఎనిమిది. ఎండిపోయి ఉంది చెట్టు. నేను చెప్పినట్టు ఒక్క రోజు కూడా లేదు. నా బిడ్డ ఈ భూమ్మీద చివరగా రాసింది నేను చెప్పిన అబద్ధం.

మొదట్లోనే చెబితే మా చెట్టుని లెక్కలోంచి తీసేస్తారని, పేరు కూడా తీసేస్తారేమోనని చెప్పలేదు. ఇప్పుడు నా వల్లే దాని పని పోయేట్టుంది. పెద్దసారుకి ఈ ఉత్తరం చూపించు. తిడితే నన్ను తిట్టమను, దాన్ని కాదు.

పిన్ని

*

ఆఫీసు
ఏప్రిల్ 14

పిన్నీ,

ఎవరూ తిట్టరు. ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఒక్కటి అడుగుతాను, వెంటనే రాయండి.

నోటుబుక్కు తీసి, ఆ నలభై ఒక్క రోజుల పేజీలు చూడండి. అంకెల పక్కన ఏదైనా గుర్తు ఉందా? ఎంత చిన్నదైనా సరే.

మీ లెక్కలమ్మాయి

*

ఇల్లు
ఏప్రిల్ 18

అమ్మాయీ,

ఉంది. ప్రతి అంకె పక్కనా చిన్న సున్నా చుట్టింది. నలుసంత. వరసగా చొక్కాకి గుండీలు కుట్టినట్టున్నాయి. ఊసుపోక గీసుకుందని అనుకుని నీకు పంపిన కాగితాల్లో రాయలేదు. వేరే ఏ పేజీలోనూ లేవు. మొదటి రోజు నాలుగొందల పదకొండు పక్కన కూడా ఉంది. చివరి అంకె పక్కన సున్నా పూర్తిగా కలవలేదు.

వాన మూడు రోజుల దగ్గర సున్నాకి బదులు గొడుగు బొమ్మ వేసింది. మూడో రోజు గొడుగు కింద చీర కట్టిన మనిషి కూడా ఉంది. ముక్కు నాలాగే ఉంది.

ఎందుకమ్మా అడిగావు?

పిన్ని

*

ఆఫీసు
ఏప్రిల్ 24

పిన్నీ,

మా దగ్గర ఒక పద్ధతుంది. ఎవరూ కళ్లారా చూడని అంకెని, నమ్మలేని అంకెని నోటుబుక్కులో కొట్టెయ్యకూడదు. పక్కన చిన్న సున్నా చుడతాం. "ఇది లెక్కలోకి తీసుకోవద్దు" అని దానర్థం. ఈ పద్ధతి మా అందరికీ నేర్పింది మీ అమ్మాయే.

దానికి మొదటి రోజే తెలుసు పిన్నీ. ఫోను మోగకుండానే మీరు వరండాలోకి వెళ్లి రావడం, వచ్చి చెప్పడం, అది రాసుకోవడం. తెలిసే నలభై ఒక్క రోజులు అడిగింది. ఆ రోజు అద్దం అవతల అది దగ్గిందో నవ్విందో మీరే ఆలోచించుకోండి.

చివరగా రాసింది అబద్ధం అన్నారు. కాదు. మీరు చెప్పిందీ రాసింది, నిజమేంటో కూడా పక్కనే రాసింది.

పెద్దసారుకి చూపించాను. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "ఆ స్థితిలో కూడా అంకెకి సున్నా చుట్టిన మనిషి పేరు ముందు కాక ఇంకెక్కడ ఉంటుంది?" అన్నారు. ఆ రోజులు తీసేసి నడిపితే కొలతమ్మ లెక్క మీ చెట్టుకి అతికినట్టు సరిపోయింది. రెండేళ్లలో మూడు గీతల తేడా దాటలేదు. బెరడు ముక్క ఉంటుంది.

ఇప్పుడు మంచి మాట. ఆ రోజుల ఎండా, నేల తడీ మా దగ్గర ఉన్నాయి. వాటితో మీ చెట్టు ఆ నలభై ఒక్క రోజులూ నిజంగా ఎంత ఉండి ఉంటుందో దాని లెక్కే చెప్పేసింది. కాగితం జత చేశాను. ఈ అంకెలు పెడితే వరస తెగకుండా ఉంటుందని పెద్దసారు అంటున్నారు. పెట్టమంటారా?

మీ లెక్కలమ్మాయి

*

ముందుగది, కుట్టుమిషను పక్కన
మే, రెండో ఆదివారం

లెక్కలమ్మాయీ,

నీ ఉత్తరం వచ్చాక రెండు వారాలు మిషను ముట్టుకోలేదు. నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని ఆ గొడుగు కింద మనిషినే చూస్తూ కూర్చున్నాను. ఎంత దొంగముండ చూడు. నేను అంత కష్టపడి వానలు కురిపిస్తుంటే, పడుకుని నా ముక్కు బొమ్మ వేసుకుంటోందా! దాన్ని తిట్టాను. అది పోయాక ఇదే మొదటిసారి తిట్టడం. తిట్టేసరికి ఒళ్లు తేలికైంది. పక్కింటి రైల్వే ఆయన ఏమైందోనని గోడ మీదుగా తొంగిచూశాడు.

నువ్వు పంపిన కాగితం చూశాను. మార్చి నాలుగు నుంచి మెల్లగా దిగుతూ, ఏప్రిల్ పదమూడుకి మూడొందల తొంభై తొమ్మిది. మధ్యాహ్నాలు ఒకరోజు పన్నెండు, ఒకరోజు పద్దెనిమిది. చదువుతుంటే ఇలాగే ఉండి ఉంటుందనిపించింది. దాని లెక్క కదా, తప్పదు.

కానీ ఆ అంకెలు పెట్టొద్దమ్మా.

చిరిగిన చోట రంగు కలిసిన గుడ్డ వేసి, అతుకు కనపడకుండా కుట్టడం నాకు వచ్చు. ముప్పై ఏళ్లు ఆ పనే చేశాను. ఎంత బాగా కుట్టినా, అక్కడ చిరిగిందని ఆ బట్ట కట్టుకున్న మనిషికి తెలుస్తూనే ఉంటుంది. ఇక్కడ నాకు కుట్టాలని లేదు. ఆ రోజుల్లో చెట్టు ఎంతుందో ఎవరూ చూడలేదు. అది రోజూ పొద్దున్నే కళ్లు తెరిచి "ఎంతట?" అని అడుగుతుంటే, నేను దాని మొహమే చూశాను. నలభై ఒక్క రోజులు నా పిల్ల తప్ప ఇంకేదీ చూడలేదు. ఎప్పుడూ ఏదో ఒక బట్ట మీద కళ్లు పెట్టుకుని దానితో మాట్లాడేదాన్ని. అన్ని రోజులు దాన్ని అలా తిన్నగా చూడటం అదొక్కసారే.

అందుకని అంత మేరా ఖాళీగా వదిలెయ్యి. పెద్దసారు ఒప్పుకోకపోతే నేను అడిగానని చెప్పు. పుస్తకంలో ఖాళీ ఉంటే ఎందుకుందో కింద రాస్తారట కదా, మీ కొలతమ్మ ఒకసారి చెప్పింది. అక్కడ పెద్ద మాటలేం వద్దు. కొలత తీసే ఆవిడ ఆ రోజుల్లో కూతురి దగ్గర ఉంది అని రాయండి.

మీ పిన్ని